ఎప్‌వర్త్ ఇంటి బడి: సుసన్నా వెస్లీ

జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల పేర్లు మన సంఘాలలో ఎరుగనివారు తక్కువ. వారి తల్లి సుసన్నా సంగతి ఎరిగినవారు కూడా తక్కువే. ఆమె మిషనెరీ కాదు, పాస్టరూ కాదు, బాప్తిస్టు అసలే కాదు. ఇల్లు దిద్దుకొని, పిల్లలకు చదువు చెప్పుకొన్న ఒక గృహిణి.

1669లో లండనులో పుట్టింది. తండ్రి సామ్యూల్ ఆనెస్లీ మనస్సాక్షి నిమిత్తం 1662లో తన గుడిని పోగొట్టుకొన్న బోధకుడు. ఆయన ఇరవై ఐదుగురు బిడ్డలలో ఈమె కడగొట్టుది. 1688లో సామ్యూల్ వెస్లీ అనే గురువును వివాహమాడి, కొన్నేళ్ళకు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే పల్లెకు చేరింది. పందొమ్మిది కాన్పులు; పెరిగి పెద్దవారైనది పదిమంది. ఇంట్లో ఎప్పుడూ అప్పులే. 1705లో భర్తను అప్పు క్రింద జైలులో పెట్టినప్పుడు తన ఉంగరాలు తీసి పంపింది. ఆయన వాటిని తిరిగి పంపివేశాడు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఇల్లు కాలిపోయింది. మేడమీద చిక్కుకొన్న అయిదేళ్ళ జాన్‌ను, ఒకరి భుజాలపై ఒకరు నిలిచి కిటికీలోనుండి దించారు. ఇల్లు తిరిగి కట్టేవరకు పిల్లలు తలా ఒక ఇంట పెరగవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి వారి నోట మొరటు మాటలు, పనికిరాని పాటలు. ప్రార్థన అలవాటు సడలింది. ఆ తల్లి విసుగక మళ్ళీ మొదటినుండి ఆరంభించింది. తెలుగు బడి లేని ఊళ్ళలో బిడ్డలను పెంచుతూ, బైబిలు చదవడానికైనా అక్షరాలు రావాలని సాయంత్రాలు పలక పట్టించే మన తల్లులకు ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

ఆమె బడి ఇలా నడిచేది. ఉదయం తొమ్మిది నుండి పన్నెండు వరకు, మధ్యాహ్నం రెండు నుండి అయిదు వరకు. బిడ్డకు అయిదేళ్ళు నిండిన మరునాడు చదువు మొదలు. ఆ ముందురోజే ఇల్లు సర్ది, ఎవరి పని వారికి అప్పగించేది, ఆ ఆరు గంటలలో ఎవరూ అడ్డు రాకుండా. ఒక్క దినములోనే అక్షరాలన్నీ వచ్చేవి. మేరీకి, ఆన్‌కు మాత్రం దినమున్నర పట్టింది. వాళ్ళు మందమతులేమో అనుకొన్నది గాని, ఇతరుల పిల్లలకు ఎంతకాలం పడుతున్నదో చూచాక ఆ అభిప్రాయం మార్చుకొన్నది. అక్షరాలు కాగానే వేరే వాచకమంటూ లేదు, ఆదికాండము మొదటి అధ్యాయమే. ఆడపిల్లలకు బాగా చదవడం వచ్చేవరకు సూది పని చేతికివ్వలేదు. సాయంత్రం అయిదింటికి పెద్దపిల్లలు చిన్నవారిని ఒక్కొక్కరిని దగ్గర కూర్చోబెట్టుకొని కీర్తనలు, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదివి వినిపించేవారు.

1711-12 చలికాలంలో భర్త లండనులో ఉండగా, ఆయన గదిలో పెద్దకుమార్తె ఎమిలియాకు ఒక పుస్తకం దొరికింది. 1706లో మన తరంగంబాడికి వచ్చిన డేనిష్ మిషనెరీల వృత్తాంతమది. (ఆ మిషనువారిలోని షుల్జ్ గారే తరువాత బైబిలును తెలుగులోనికి త్రిప్పినది.) అది చదివి సుసన్నా హృదయం కదిలింది. వారివలె దూరదేశం వెళ్ళలేను, నా ఇంటి ఆత్మలకైనా ఇంకా ఎక్కువ చేయాలి అనుకొన్నది. వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డతో ఏకాంతంగా మాట్లాడడం మొదలుపెట్టింది. గురువారం జాన్‌ది, శనివారం చార్లెస్‌ది. ఆదివారం సాయంత్రం వంటింట్లో పిల్లలతో, పనివారితో జరిపే ప్రార్థనకు పొరుగువారూ రాసాగారు. చివరకు రెండువందల మంది అయ్యారు. ఆడది ప్రార్థన నడపడమేమిటని సహాయక గురువు భర్తకు ఫిర్యాదు వ్రాశాడు. భర్త మానుమన్నాడు. మీ ఇష్టమని చెప్పక స్పష్టంగా ఆజ్ఞాపించండి, అప్పుడు దేవుని యెదుట లెక్క అప్పజెప్పే భారం నాది కాదు అనే అర్థంతో ఆమె జవాబు వ్రాసింది. ఆయన ఆ ఆజ్ఞ ఇవ్వలేదు.

ఆమె క్రమశిక్షణ కఠినమైనది. ఏడాది నిండీ నిండని బిడ్డకే బెత్తం భయం, మెల్లగా ఏడవడం నేర్పించేది. ఇది మనకు మింగుడుపడని సంగతి. పైగా అంత పెంపకంలోనూ కన్నీళ్ళు తప్పలేదు. గ్రీకు చదివిన తెలివైన హెట్టీ 1725లో తప్పటడుగు వేస్తే, తండ్రి ఆమెను తగని వానికి కట్టబెట్టాడు, క్షమించనూ లేదు. వెస్లీ తల్లిని పొగిడే పుస్తకాలు హెట్టీ దగ్గరకు వచ్చేసరికి మౌనం వహిస్తాయి. అలా దాచడం నాకు సరిగా తోచదు.

1732లో జాన్ అడుగగా తన పద్ధతి అంతా ఉత్తరంగా వ్రాసింది. ఒంటరిగా బ్రతికిన తన వంటిదాని పద్ధతి తెలిసి ఎవరికేమి ఉపయోగమని మొదట సంశయించింది. ఇరవై ఏళ్ళకుపైగా తన మంచి వయస్సంతా ఈ పనికే ధారపోశానని మాత్రం ఆమెకు తెలుసు. 1742 జూలైలో లండనులో, జాన్ ఉంటున్న ఫౌండరీలో, బిడ్డలు చుట్టూ నిలిచియుండగా ప్రభువునందు నిద్రించింది. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యన్ విశ్రమిస్తున్న బన్‌హిల్ ఫీల్డ్స్ లోనే ఆమె సమాధి కూడా ఉన్నది.