రంగస్థలంపై సత్యాన్వేషణ: పిరాండెల్లో

మన ప్రాచీన నాటకాలలో ప్రస్తావన ముగియగానే సూత్రధారుడు నిష్క్రమిస్తాడు. అటుపైన రంగస్థలం మీద జరిగేదంతా సత్యమని నమ్మి మనం కన్నీరు కారుస్తాము. ఆ నమ్మకాన్నే రంగస్థలం మీద నిలబెట్టి ప్రశ్నించిన ఇటలీ నాటకకర్త లుయిజీ పిరాండెల్లో.

ఆయన 1867 జూన్ 28న సిసిలీ ద్వీపంలో, నేడు అగ్రిజెంటో అని పిలువబడుతున్న పట్టణ సమీపాన, గంధకపు గనుల వ్యాపారి ఇంట జన్మించాడు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో తన ఊరి మాండలికంపై పరిశోధన చేసి 1891లో డాక్టరేటు పొందాడు. తండ్రి వ్యాపార భాగస్వామి కుమార్తె ఆంటోనియెట్టాను 1894లో వివాహమాడాడు. రోమ్ నగరంలో మహిళా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అధ్యాపకుడైనాడు.

1903లో గనిలోకి నీరు చేరి, తండ్రి మూలధనమూ భార్య కట్నమూ ఒక్కసారిగా పోయాయి. ఆ వార్త తెచ్చిన ఉత్తరం చదివిన ఆమెకు కాళ్లు చచ్చుబడ్డాయి; క్రమంగా మతి చలించింది. భర్త పరస్త్రీలోలుడని ఆమె దృఢంగా విశ్వసించింది. ఎంత నచ్చజెప్పినా ఆ అనుమానం తొలగలేదు. కడకు కన్నకూతురిని సైతం అనుమానించింది. 1919లో ఆమెను చికిత్సాలయంలో చేర్చక తప్పలేదు. అన్నేళ్లూ ఆ ఇంటిలో ఇద్దరు పిరాండెల్లోలు కాపురమున్నారు: తానెరిగిన వాడొకడు, భార్య ఊహించుకున్న వాడొకడు. ఆమెకు రెండవవాడే సత్యం.

1921లో వెలువడిన ‘రచయితను వెదకుకొంటున్న ఆరు పాత్రలు’ నాటకానికి ఈ వేదనే మూలమని మేము భావిస్తున్నాము. నటులు మరొక నాటకం అభ్యసిస్తుండగా, రచయిత విడిచిపెట్టిన ఆరు పాత్రలు లోనికి వచ్చి తమ కథను ఆడించమని ప్రాధేయపడతాయి. తీరా నటులు ఆడి చూపితే, అది తాము కామని ఆక్షేపిస్తాయి. చివరకు ఒక పసిపాప నీట మునుగుతుంది. ఒక బాలుడు తుపాకితో కాల్చుకుంటాడు. అది నిజమో నటనో నటులే తేల్చుకోలేరు. రోమ్‌లో మే నెలలో జరిగిన తొలి ప్రదర్శన నాడు ప్రేక్షకులు ఆగ్రహంతో గోల చేయగా, పిరాండెల్లో కుమార్తెతో కలిసి పక్కదారిన బయటపడవలసి వచ్చింది. అదే సంవత్సరం మిలాన్ నగరం ఆ నాటకాన్ని ఆదరించింది. 1934లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది.

మానవుల ముసుగులను తొలగించి చూపిన ఈ మహారచయిత 1924లో ఫాసిస్టు పార్టీలో చేరడం మనలను బాధించే విషయం. 1936 డిసెంబరు 10న ఆయన మరణించాడు. దేహానికి వస్త్రాలు తొడగక, పేదల బండిలో, ఎవరూ వెంట రాకుండా తరలించమని ముందే వ్రాసిపెట్టాడు.

సాటి మనిషిని గూర్చి మనం ఏర్పరచుకున్న రూపమే ఆ మనిషి అని తీర్పు చెప్పేముందు ఒక్క క్షణం ఆగవలెనని ఆయన జీవితం మనకు బోధిస్తున్నది.