పీహెచ్‌డీ ఉంది.. పౌరసత్వమే లేదు!

నోటిఫికేషన్ రాగానే మీరు మొదట ఏం చూస్తారు? పోస్టులెన్ని, వయోపరిమితి ఎంత, డిగ్రీలో ఎంత శాతం అడిగారు, చివరి తేదీ ఎప్పుడు.. అంతేగా! అర్హతల్లో ‘జాతీయత’ అని ఒక వరుస ఉంటుంది. దాన్ని ఆగి చదివినవాళ్లు అరుదు. సివిల్స్‌లో ఐఏఎస్, ఐపీఎస్ కావాలంటే భారత పౌరులై ఉండాలన్న నిబంధన ఉంది. మనలో ఎవరికీ అది ఒక అర్హతలాగే అనిపించదు. పుట్టుకతోనే వచ్చేసింది కాబట్టి దాని కోసం ఎవరూ కోచింగ్ తీసుకోరు.

ఆ ఒక్క వరుస దగ్గరే ఇరవై తొమ్మిదేళ్లు ఆగిపోయిన మనిషి దలీప్ సింగ్ సౌంద్. పాతికేళ్ల ప్రాయానికే అమెరికాలో గణితంలో పీహెచ్‌డీ చేసిన పంజాబీ. పౌరసత్వం లేక పొలాల్లో పనిచేశారు. అది చేతికొచ్చిన ఏడేళ్లకు ఏకంగా అమెరికా పార్లమెంటులోనే అడుగుపెట్టారు. ఆసియా నుంచి వెళ్లి అమెరికా కాంగ్రెస్ సభ్యుడైన మొదటి వ్యక్తి ఆయనే. పేరు వినే ఉంటారు, జీకేలో ఒక బిట్‌గా. ఆ బిట్ వెనక ఏం జరిగిందో చూద్దాం.

సౌంద్ 1899 సెప్టెంబరు 20న అమృత్‌సర్ ప్రాంతంలోని ఛజ్జల్‌వాడీ అనే పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులకు చదువు రాదు. కానీ పిల్లల్ని చదివించాలన్న పట్టుదల మాత్రం ఉంది. జమ్మూలో కాలేజీ చదువు, 1919లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో బీఏ. జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగింది ఆ ఏడాదే, ఆ జిల్లాలోనే. లింకన్, ఉడ్రో విల్సన్ ప్రసంగాలు చదివి అమెరికా మీద మనసు పడిన కుర్రాడు 1920లో ఓడెక్కాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ క్యాంపస్. చదవబోయేది గణితం కాదు, పండ్లను డబ్బాల్లో నిల్వచేసే విద్య! రెండు మూడేళ్లలో తిరిగొచ్చి మామిడిపండ్ల క్యానింగ్ ఫ్యాక్టరీ పెడతానని ఇంట్లో చెప్పి బయల్దేరారు.

ఇప్పటి ఎమ్మెస్ విద్యార్థుల కథ కూడా ఇలాగే మొదలవుతుందిగా? రెండేళ్లు చదివి వచ్చేస్తానమ్మా అని.

బర్కిలీలో స్టాక్టన్ గురుద్వారా వారు భారతీయ విద్యార్థుల కోసం నడిపిన వసతిగృహంలో ఉన్నారు. వేసవి సెలవుల్లో క్యానింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. తర్వాత మనసు పాత ప్రేమ వైపే లాగింది. గణితంలోకి మారి 1922లో ఎంఏ, 1924లో పీహెచ్‌డీ పూర్తి చేశారు.

సరిగ్గా ఆ మధ్యలోనే, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. భగత్ సింగ్ థింద్ అనే మరో పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం కోరాడు. అప్పటి చట్టం ప్రకారం శ్వేతజాతీయులు, ఆఫ్రికా సంతతివారు మాత్రమే పౌరులుగా మారగలరు. ఉత్తర భారతీయులు కూడా ఆర్య జాతివారే, కాబట్టి తానూ శ్వేతజాతీయుడినేనని థింద్ వాదించాడు. పండితులు జాతుల గురించి ఏం రాసుకున్నా తమకు అనవసరం, వీధిలో నడిచే మామూలు అమెరికన్ ఎవరిని తెల్లవాడు అనుకుంటాడో అదే లెక్క అని కోర్టు తేల్చేసింది. భారతీయులకు పౌరసత్వం లేదు. అప్పటికే పొందిన కొందరి దగ్గర్నుంచి వెనక్కి లాక్కున్నారు కూడా.

ఆ తీర్పుతో సౌంద్‌కు ఒక హోదా వచ్చిపడింది. పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుడు. ఇది తిట్టు కాదు, చట్టంలో వాడిన మాట. దాని పవర్ ఏంటంటే, కాలిఫోర్నియాలో ఆ ముద్ర పడ్డవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు. 1913లో, మళ్లీ 1920లో చేసిన భూచట్టాలు ఆ పని పక్కాగా చేశాయి. ఓటు లేదు, ప్రభుత్వ కొలువు లేదు. పేరు ముందు డాక్టర్ ఉన్నా బతుకుతెరువు కోసం ఆయన ఎంచుకోగలిగింది అక్కడి తోటి పంజాబీలు చేస్తున్న పనినే. వ్యవసాయం.

1925లో మెక్సికో సరిహద్దులోని ఇంపీరియల్ వ్యాలీకి వెళ్లారు. కొలరాడో నది నీళ్లు మళ్లించి సాగులోకి తెచ్చిన ఎడారి నేల అది. వేసవి అంటే మన రెంటచింతల ఎండ గుర్తుచేసుకోండి, దానికి ఇంకాస్త కలుపుకోండి. పత్తి ఏరే కూలీల మీద మేస్త్రీగా మొదలుపెట్టి, సొంతంగా లెట్యూస్ సాగులోకి దిగారు. 1928లో చెక్ కుటుంబానికి చెందిన మేరియన్ కోసాను పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు. అంతలో మహామాంద్యం వచ్చింది. ధరలు పడిపోయి అప్పుల్లో మునిగారు. దివాలా పిటిషన్ పెట్టేసి చేతులు దులుపుకునే దారి చట్టంలో ఉంది. చుట్టుపక్కల చాలామంది చేసిందీ అదే. సౌంద్ మాత్రం ఏళ్ల తరబడి కట్టుకుంటూ మొత్తం తీర్చేశారు.

ఈ కాలాన్ని చాలా జీవిత చరిత్రలు రెండు లైన్లలో దాటేస్తాయి. నాకైతే అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. పగలు పొలం, సాయంత్రం ఉపన్యాసం. చర్చిలు, క్లబ్బులు, ఎవరు పిలిచినా వెళ్లి భారతదేశం గురించి మాట్లాడేవారు. కేథరిన్ మేయో భారతీయుల్ని చులకన చేస్తూ పుస్తకం రాస్తే, దానికి జవాబుగా 1930లో సౌంద్ తన పుస్తకం తెచ్చారు. ఓటుహక్కు లేని మనిషి ఆ ఊళ్లో అందరికీ తెలిసిన వక్త అయ్యాడు. ఇదంతా రెజ్యూమేలో ఎక్కడ రాసుకుంటారు చెప్పండి? ఏ కాలంలోనూ పట్టదు. పాతికేళ్ల తర్వాత ఓట్లడగడానికి వెళ్లినప్పుడు మాత్రం పనికొచ్చింది.

1942లో తోటివారితో కలిసి ఇండియా అసోసియేషన్ ఆఫ్ అమెరికా పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. లక్ష్యం ఒక్కటే.. చట్టం మార్పించడం. న్యూయార్క్, వాషింగ్టన్‌లలో జె.జె.సింగ్ లాంటివాళ్లు అదే పని చేస్తున్నారు. చివరికి కాంగ్రెస్ సభ్యులు క్లేర్ బూత్ లూస్, ఇమాన్యుయెల్ సెల్లర్ పేర్ల మీద బిల్లు వచ్చింది. 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు. ఏడాదికి వందమంది భారతీయులు వలస రావచ్చు, ఉన్నవాళ్లు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వందంటే వందే. అయినా తలుపు తెరుచుకుంది.

తెరుచుకున్నా లోపలికి వెళ్లడానికి మూడున్నరేళ్లు పట్టింది! ఎందుకో అప్పటి పద్ధతి చూస్తే అర్థమవుతుంది. సాధారణంగా ముందు పౌరుణ్ని కావాలనుకుంటున్నానని ఒక ప్రకటన దాఖలు చేయాలి. దీన్ని జనం మొదటి కాగితం అనేవారు. అది ఇచ్చిన రెండేళ్లు దాటాకే అసలు పిటిషన్. అయిదేళ్లు వరసగా ఆ దేశంలో ఉన్నట్టు చూపాలి. ఇతను నాకు తెలుసు, నడవడిక మంచిది అని ప్రమాణం చేసి చెప్పే పౌరులు ఇద్దరు సాక్షులుగా కావాలి. ఆపై ఎగ్జామినర్ ముందు ఇంటర్వ్యూ. ఇంగ్లిష్‌లో మాట్లాడగలరా, రాజ్యాంగం మూల సూత్రాలు తెలుసా, చట్టాలకు లోబడి బతికారా అని చూస్తారు. చివరగా జడ్జి ఎదుట ప్రమాణం. పాత దేశం మీద, పాత పాలకుల మీద ఉన్న విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని, అమెరికా రాజ్యాంగాన్ని కాపాడతానని, మనసులో ఏ మినహాయింపూ పెట్టుకోకుండా ఈ మాట ఇస్తున్నానని చెప్పాలి.

లింకన్‌ను చిన్నప్పుడే చదివిన మనిషికి రాజ్యాంగం ప్రశ్నలు ఒక లెక్కా? 1949 డిసెంబరు 16న సౌంద్ అమెరికా పౌరుడయ్యారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు.

పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. దానికి సరిగ్గా ఇరవై రోజుల ముందు, నవంబరు 26న, మన రాజ్యాంగాన్ని ఆమోదించారు. చాలా అధికరణలు 1950 జనవరి 26 నుంచి అమలైతే, పౌరసత్వానికి సంబంధించిన 5 నుంచి 9 వరకు అధికరణలు ఆమోదించిన రోజే అమల్లోకి వచ్చాయి. స్వచ్ఛందంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరులు కారని తొమ్మిదో అధికరణ చెబుతుంది. అంటే సౌంద్ ప్రమాణం చేసిన రోజుకు ఒక గుమ్మం దాటితే ఇంకో గుమ్మం మూసుకునే పరిస్థితి. ఏ దేశపు స్వాతంత్య్రం కోసం ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చారో, ఆ దేశం తన పౌరులెవరో రాసుకున్న నెలలోపే ఆయన దాన్ని వదులుకున్నారు. ఇప్పటికీ మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. ఓసీఐ కార్డు ఉన్నా అది పౌరసత్వం కాదు, దానితో ఓటు వేయలేరు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా సౌంద్ కాలం వారే. ఆయనా 1920లలోనే అమెరికా వెళ్లారు, హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు, వైద్యశాస్త్రాన్ని మలుపు తిప్పిన మందులపై పనిచేశారు. 1946 చట్టం వచ్చిన రెండేళ్లకే, 1948 ఆగస్టులో, పౌరసత్వం తీసుకోకుండానే కన్నుమూశారు.

పౌరుడయ్యాక సౌంద్ ఊరుకోలేదు. 1950లో వెస్ట్‌మోర్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్లో జడ్జి పదవికి పోటీచేసి గెలిచారు. ఆ రోజుల్లో ఆ కింది కోర్టు జడ్జికి లా డిగ్రీ అక్కర్లేదు, ప్రజలే ఎన్నుకునేవారు. కానీ గెలిచినా పదవి ఇవ్వలేదు. కారణం? ఎన్నిక నాటికి పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదట. తక్కువైంది నెల పైచిలుకు! కటాఫ్‌కు అర మార్కు దూరంలో ఆగినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. 1952లో మళ్లీ నిలబడ్డారు, మళ్లీ గెలిచారు. ఈసారి కుర్చీలో కూర్చున్నారు. జూదం, వ్యభిచారం పేరుతో చెడిపోయిన ఊరిని గాడిలో పెట్టారని పేరు తెచ్చుకున్నారు. పక్కన ఎరువుల వ్యాపారం.

1956లో కాంగ్రెస్ ఎన్నికలు. రాజ్యాంగం ప్రకారం ప్రతినిధుల సభ సభ్యుడు కనీసం ఏడేళ్లుగా పౌరుడై ఉండాలి. సొంత డెమోక్రటిక్ పార్టీలో టికెట్ కోసం పోటీపడ్డ లాయర్ కోర్టుకెళ్లాడు, సౌంద్‌కు ఏడేళ్లు నిండలేదని. గణిత పండితుడి దగ్గరా లెక్కలు! ప్రమాణం చేసింది 1949 డిసెంబరు 16న. ఏడేళ్లు నిండేది 1956 డిసెంబరు 16న. కొత్త సభ మొదలయ్యేది 1957 జనవరి 3న. పద్దెనిమిది రోజులు మిగిలాయి. కోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది.

తర్వాత ఎదురైన ప్రత్యర్థి మామూలు మనిషి కాదు. రిపబ్లికన్ అభ్యర్థి జాక్వెలిన్ కాక్రన్. ధ్వని వేగాన్ని మించి విమానం నడిపిన మొదటి మహిళ, భర్త పెద్ద ధనవంతుడు. ఆమె సొంత విమానంలో తిరిగి ప్రచారం చేశారు. సౌంద్ భార్యాపిల్లలు ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు నమోదు చేయించారు. స్వల్ప తేడాతోనే అయినా సౌంద్ గెలిచారు. సభలో విదేశాంగ వ్యవహారాల కమిటీలో చోటు దక్కింది. ఆ ఏడాది చివర్లోనే ఆసియా పర్యటనకు వచ్చి, రెండు మూడేళ్లలో వస్తానని చెప్పి వెళ్లిన ఛజ్జల్‌వాడీకి ముప్పై ఏడేళ్ల తర్వాత వెళ్లారు.

ఇప్పుడు మీలో కొందరు ఎమ్మెస్ ఆలోచనలో ఉంటారు కాబట్టి ఒక మాట. జాతి ఆధారంగా పౌరసత్వం నిరాకరించే నిబంధన 1952 చట్టంతో పోయింది. ఇవాళ మొదటి కాగితం తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల తంతు కూడా లేదు. గ్రీన్‌కార్డు వచ్చి సాధారణంగా అయిదేళ్లు నిండాక ఎన్-400 దరఖాస్తు, వేలిముద్రలు, అధికారితో ఇంటర్వ్యూ. మీరు ఫారంలో రాసిందే ఆయన మళ్లీ అడుగుతారు. ఇంగ్లిష్‌లో వాక్యం చదివిస్తారు, రాయిస్తారు, చరిత్ర, పాలన మీద నోటి ప్రశ్నలు వేస్తారు. ఆపై ప్రమాణం, తర్వాత భారత పాస్‌పోర్టు సరెండర్. ఇంటర్వ్యూ ఏమంత కష్టం కాదు. కష్టమంతా దానికి ముందున్న గ్రీన్‌కార్డు దగ్గరే. ఏటా ఇచ్చే ఉద్యోగ ఆధారిత కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల క్యూ ఏళ్లకేళ్లు సాగుతోంది. బ్యాంకు రుణం తీసుకునే ముందు యూనివర్సిటీ ర్యాంకుతోపాటు ఈ క్యూ గురించి కూడా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

సౌంద్ 1958లో, 1960లో మళ్లీ గెలిచారు. 1962 మేలో వాషింగ్టన్ వెళ్తుండగా విమానంలో పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఆ ఏడాది ఎన్నికల్లో ప్రచారానికి వెళ్లలేకనే ఓడిపోయారు. పదకొండేళ్లు అలాగే గడిపి 1973 ఏప్రిల్ 22న మరణించారు. కాలిఫోర్నియాలోని టెమెక్యులా అనే ఊళ్లో పోస్టాఫీసుకు ఆయన పేరు పెట్టారు.