నరసింగరావు గారి దుర్భిణి



మన పక్షుల సంఘానికి ఒకే ఒక్క పరికరం కొనడానికి డబ్బు సమకూరింది. ఏది కొనాలో సోమవారం మనమే చేతులెత్తి చెప్పాలి. అందరికంటే పెద్ద బైనాక్యులర్స్ కావాలని గట్టిగా అరిచింది నేనే. ఇప్పుడు నా మాట మార్చుకున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు విశాఖపట్నంలో పూర్వం జీవించిన ఒక పెద్దాయన గురించి చెప్పాలి.

ఆయన పేరు అంకితం వెంకట నరసింగరావు గారు. 1827లో పుట్టారు. అప్పటికి విశాఖలో ఇప్పుడున్న హార్బరూ లేదు, ఉక్కు ఫ్యాక్టరీ లేదు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు. ఆయన మద్రాసులో టేలర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుని దగ్గర నేర్చుకొని వచ్చి, 1840లో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. వేధశాల అంటే గ్రహాలను, నక్షత్రాలను రోజూ చూసి లెక్కలు రాసుకునే చోటు అన్నమాట. అందులోని దుర్భిణి ముందు అద్దం అడ్డంగా కొలిస్తే 4.8 అంగుళాలు.

1856లో జగ్గారావు గారు కాలం చేశారు. అల్లుడు నరసింగరావు గారు ప్రభుత్వ ఉద్యోగం వదులుకొని ఆ వేధశాలను తన నెత్తిన వేసుకున్నారు. ఆకాశాన్నే కాదు, గాలినీ వాననూ కూడా కొలిచి రాయించేవారు.

1874లో ఆయన ఇంగ్లాండులోని కుక్ కంపెనీ వారి 6 అంగుళాల దుర్భిణి తెప్పించారు. 4.8కీ 6కీ తేడా ఎంత, ఒకటింబావు అంగుళం కూడా లేదు కదా అని మీరు అనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ వెలుగు పట్టేది అద్దం వైశాల్యం. 6ని 6తో, 4.8ని 4.8తో గుణించి చూడండి. 36, సుమారు 23 వస్తాయి. అంటే కొత్త దుర్భిణి పాతదాని కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది.

ఆ ఏడాదే డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా చిన్న నల్లచుక్కలా నడిచింది. అంతకుముందు అలా జరిగింది 1769లో. భూమి నుంచి సూర్యుడు ఎంత దూరమో కచ్చితంగా తేల్చడానికి దేశదేశాల వాళ్లు ఆ చుక్క కోసం కాచుకున్నారు. నరసింగరావు గారు విశాఖ నుంచి చూసి, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపారు. ఆ సొసైటీలో ఆయన సభ్యులు కూడా.

ఇక్కడ నాకు తట్టిన సంగతి ఒకటుంది. అంత పెద్ద దుర్భిణిని ఎవరూ చేత్తో పట్టుకోలేరు. దానికి గట్టి పీఠం ఉండాలి. భూమి తిరిగే కొద్దీ గ్రహం పక్కకు జరిగిపోతుంది కాబట్టి పీఠం కూడా మెల్లగా తిప్పేందుకు వీలుగా ఉండాలి. పెద్ద అద్దానికి పెద్ద కాళ్లు కావాలి!

ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. పోయిన సెలవుల్లో అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవకు వెళ్లినప్పుడు ఒకాయన నాకు 20×80 బైనాక్యులర్స్ ఇచ్చారు. 20 అంటే వస్తువును ఇరవై రెట్లు దగ్గరగా చూపుతుంది. 80 అంటే ముందు అద్దం 80 మిల్లీమీటర్లు. నా సంబరం చెప్పలేను. కానీ ఇరవై లెక్కపెట్టే లోపే చేతులు వణికాయి. వణుకు కూడా ఇరవై రెట్లు పెరిగింది! నీటి మీద నల్లగా ఉన్నవి బాతులో నీటికోళ్లో తేల్చుకోలేకపోయాను. ఆయన నవ్వి, దాన్నే మూడుకాళ్ల స్టాండు మీద బిగించారు. అంతా నిలకడగా నిలిచింది. నుదుటి మీద తెల్లమచ్చ స్పష్టంగా కనబడింది. అవి బాతులు కావు, నీటికోళ్లే!

పోయిన చలికాలం మన చెరువు దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? ముగ్గురం లెక్కపెడితే మూడు లెక్కలు వచ్చాయి. సారు ఏదీ రిజిస్టరులో ఎక్కించలేదు.

అడవిలో నడుస్తూ చెట్ల మీది పిట్టలను చూడాలంటే 8×40 బైనాక్యులర్స్ మంచిది. తేలిక, చేతిలో నిలుస్తుంది. కానీ మన పని చెరువు అవతలి ఒడ్డున కూర్చున్న పక్షులను లెక్కపెట్టడం. దానికి స్టాండు మీద పెట్టే స్పాటింగ్ స్కోపు కావాలి. కన్ను పెట్టే గొట్టం ఏటవాలుగా ఉన్నది తీసుకుంటే ఆరో తరగతి తమ్ముడూ, పదో తరగతి అన్నయ్యా ఒకే స్టాండు మీద చూడొచ్చు. ఒకరు పక్షిని దొరకబుచ్చుకుంటే మిగతా అందరం వరసగా చూడొచ్చు. అరవై రెట్లు చూపుతుందని మురిసిపోవద్దు. రెట్లు పెంచేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. ఎండలో నీటి మీది గాలి కదిలినట్టల్లా అదీ కదులుతుంది. ఇరవై, ముప్పై రెట్లు చాలు. కాస్త చిన్న స్కోపు కొన్నా సరే, మిగిలిన డబ్బు గట్టి స్టాండుకు పెడదాం.

ఒక్క హెచ్చరిక. ఏ పరికరంతోనూ సూర్యుణ్ణి చూడకండి, కళ్లు పోతాయి. దానికి ప్రత్యేకమైన నల్లద్దాలు, తెలిసిన పెద్దలు ఉండాలి.

నరసింగరావు గారు 1892లో కన్నుమూశారు. మామగారి తర్వాత ముప్పై ఆరేళ్లు ఆ వేధశాలను నిలబెట్టారు. గొప్ప పరికరం కొన్నందుకే ఆయన గొప్పవారు కాలేదు. చూసింది చూసినట్టు రాసి పెట్టారు, అదీ గొప్ప. మన రిజిస్టరులో కూడా ఈ చలికాలం ఒకే లెక్క, సరైన లెక్క ఎక్కాలి. సోమవారం చెయ్యెత్తే ముందు ఆలోచించండి.

ఇట్లు,
పక్షుల సంఘం సభ్యుడు, 9వ తరగతి