బధిరబంధువు ద లెపే

నోట మాట లేనివానికి మనసు కూడ లేదని పూర్వము పలు దేశముల జనులు తలచుచుండిరి. పుట్టుచెవిటి బిడ్డ పలుకలేకపోవుటకు నాలుక లోపము కారణము కాదు. చెవిని పడని మాటను ఏ బిడ్డయు తనంత నేర్వజాలదు. ఈ చిన్న సత్యమును గ్రహింపక పెద్దలు ఎందరు బిడ్డలను మందమతులని మూలకు త్రోసిరో! అట్టివారి కడకు తానై పోయి, వారి చేతులయందే చదువునకు త్రోవ కనుగొనిన ఒక ఉపాధ్యాయుని చరిత్రమును మా చదువరులకు విన్నవింప దలచితిమి.

షార్ల్ మిషెల్ ద లెపే 1712వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఫ్రాన్సు దేశమందలి వెర్సాయి నగరమున జన్మించెను. మతగురువు కావలెనని చిన్ననాటనే కోరిక గలిగి వేదాంతవిద్య నభ్యసించెను. కాని ఆనాడు ఫ్రెంచి క్రైస్తవసభను చీల్చుచున్న వివాదమునుబట్టి అధికారులు ఒక పత్రముపై సంతకము కోరగా, ఆయన అంతరాత్మ అందుల కొప్పుకొనలేదు. అందుచే అభిషేకము ఆలస్యమయ్యెను. నడుమ న్యాయశాస్త్రము చదివెను. పిమ్మట గురువైనను ఆ వివాదము ఆయనను వెన్నాడుట మానలేదు. నలుబదియైదేండ్లు దాటినను, ఇది నా పని యని చెప్పుకొనదగిన పని ఆయనకు దొరకలేదు.

1760 ప్రాంతమున ఆయన పారిసులో ఒక ఇంటికి పోగా, అక్కచెల్లెండ్రిద్దరు కుట్టుపని చేసికొనుచుండిరి. పలుకరించెను, వారు తల యెత్తలేదు. మరల పలుకరించెను, బదులు లేదు. అంతలో తల్లి వచ్చి, వారు చెవిటివారని దుఃఖముతో తెలిపెను. వానేన్ అను గురువు బొమ్మలు చూపి వారికి కొంత బోధించుచుండి మరణించెనట. ఆ బాలికలు దైవజ్ఞానము లేకయే జీవితము గడుపుదురను తలంపు ద లెపే మనసును కలచివేసెను. ఆ పని ఆయన చేపట్టెను.

బొమ్మలు చాలవని ఆయన త్వరలోనే గ్రహించెను. గుఱ్ఱమునకు బొమ్మ గీయవచ్చును. నిన్నకును, రేపునకును, కరుణకును బొమ్మ యెక్కడ? బధిరులు తమలో తాము చేతులతో సంభాషించుకొనుట ఆయన గమనించి, మొదట తానే శిష్యుడై ఆ సంజ్ఞలను నేర్చుకొనెను. వానికి ఫ్రెంచి వ్యాకరణమునకు సరిపోవు సంజ్ఞలను చేర్చెను. చేతిని భుజముమీదుగా వెనుకకు విసరిన భూతకాలము. టోపీ తావున చేయి పెట్టిన పుంలింగము. విశ్వసించుట యను మాటకు, మనసుతో అవుననుట, హృదయముతో అవుననుట, నోటితో అవుననుట, కన్నులతో చూడకుండుట అను నాలుగు భావములను కూర్చెను.

ఆ కాలమున పెరేర్ అను వేరొక పండితుడు బధిరులకు నోటిమాటయే నేర్పి, తన పద్ధతిని రహస్యముగా నుంచెను. ద లెపే తన ఇంటనే పాఠశాల పెట్టి బీదల బిడ్డలకు ఉచితముగా బోధించెను. 1771 మొదలు ఎల్లరును వచ్చి చూచునట్లు తలుపులు తెరచెను. 1776లో తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫు స్వయముగా వచ్చి చూచి, అట్టి పాఠశాలను వియన్నాలో నెలకొల్పించెను. 1788 నాటి కఠినమైన చలికాలమున ఆ వృద్ధుడు కట్టెల కయ్యెడు సొమ్మును కూడ పిల్లల కొరకు మిగిల్చి చలిలో కూర్చుండగా, పిల్లలే ఏడ్చి బతిమాలి నిప్పు రాజవేయించిరని చెప్పుదురు.

ఆయన పని లోపము లేనిది కాదు. ఫ్రెంచి వ్యాకరణమును తొడిగిన సంజ్ఞలు బరువై, శిష్యులు చెప్పినది చక్కగా వ్రాయుచున్నను స్వంతముగా వ్రాయుట అరుదయ్యెను. పారిసు బధిరులకు గురువు లేకయే పూర్ణమైన సంజ్ఞాభాష కలదని, బధిరుడైన పియేర్ దెలోజ్ 1779లోనే గ్రంథము వ్రాసి తెలిపెను.

1789 డిసెంబరు 23న ద లెపే మరణించెను. 1791లో ఫ్రెంచి జాతీయసభ ఆయనను మానవజాతికి మేలు చేసినవారిలో నొకనిగా గౌరవించి, పాఠశాలను రాజ్యపోషణ క్రిందికి తెచ్చెను. అచ్చట చదివిన బధిరుడు లోరాన్ క్లెర్ అమెరికాకు పోయి, 1817లో హార్ట్‌ఫర్డ్ నగరమున పాఠశాల స్థాపించుటలో తోడ్పడెను. కాని 1880లో మిలాను నగరమున కూడిన ఉపాధ్యాయ మహాసభ సంజ్ఞలను తరగతులనుండి బహిష్కరించెను. తరతరముల పిల్లలు చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చెను. ఆ తీర్మానములను త్రోసిపుచ్చి విచారము తెలుపుటకు 2010లో వాంకూవరు సభ వరకు నూటముప్పది యేండ్లు పట్టెను. మిలానులో కూడినవారు దుష్టులు కారు, మావంటి ఉపాధ్యాయులే; పిల్లల నడుగక పిల్లలకు మేలు నిర్ణయించిరి.

నేడు మాట రానివారికి బొమ్మల పలకలును, వ్రాసినదానిని పలుకు యంత్రములును వచ్చినవి. సాధనము లెన్ని వచ్చినను మొదటి పాఠము మారలేదు. తరగతిలో పలుకని బిడ్డను చూచినప్పుడు, వీనికేమియు రాదని తలంపక, వీనికి వచ్చిన భాష మాకు రాదేమో యని ముందుగా మమ్ము మేము ప్రశ్నించుకొందుము గాక.