ఆవిరి నుండి పరమాణువునకు: జాన్ డాల్టను

పరమాణు సిద్ధాంతకర్తగా జాన్ డాల్టను పేరు విద్యార్థులందరు ఎఱుగుదురు. కాని ఆయన జీవితమున పరమాణువునకు ముందు వచ్చినది గాలిలోని నీటి ఆవిరి.

1766లో ఇంగ్లండు ఉత్తరభాగమున, కంబర్లండు సీమలోని ఈగిల్స్‌ఫీల్డు గ్రామమున, ఒక పేద నేతపనివాని ఇంట ఆయన జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయముననే బడిలో పాఠములు చెప్పుటకు పూనుకొనెను. పదునైదవ యేట కెండాలు పట్టణమునకు పోయి అన్నతో కూడి ఉపాధ్యాయుడయ్యెను. అచ్చట జాన్ గాఫ్ అను అంధ పండితుడు ఆయనకు భాషలు, గణితము నేర్పుటయే గాక, దినదినము వాతావరణమును పరిశీలించి వ్రాసికొను అలవాటును కలిగించెను. ఆ దినచర్య 1787 మార్చి 24న మొదలయ్యెను. వానలకు పేరుపడిన సీమ కావున వ్రాయుటకు వస్తువు కొదవ లేకుండెను. 1793లో మాంచెస్టరు చేరి, ప్రైవేటు పాఠములతో జీవించుచు, పరిశోధన సాగించెను.

ఉప్పు నీటిలో కరగునట్లు నీరు గాలిలో కరగి యుండునని ఆనాటి పెద్దలు పలువురు నమ్ముచుండిరి. డాల్టను భారమితి గొట్టములో పాదరసముపై నున్న శూన్యములోనికి కొంచెము నీటిని ఎక్కించెను. గాలి లేకున్నను నీరు ఆవిరియై పాదరసమును క్రిందికి నెట్టెను. ఎంత నెట్టునన్నది ఉష్ణోగ్రతను బట్టియే యుండెను. పిమ్మట పొడిగాలిలో పరీక్షింపగా, అదే ఉష్ణోగ్రతయందు ఆవిరి కలిగించు అదనపు పీడనమును అంతియే! అనగా ఆవిరిని గాలి మోయుట లేదు. రెండును ఒకేచోట నుండి దేని పీడనమును అది కలిగించుచున్నది. నేటి లెక్కలో 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆవిరి గరిష్ఠపీడనము 17.5 మిల్లీమీటర్ల పాదరసము. 30 డిగ్రీల వద్ద సుమారు 32. గాలి తేమను పీల్చుకొనునని మనము నేటికిని అనుచునే యున్నాము. అది పాత నమ్మకపు అవశేషమే.

గాలిలో ఆవిరి యెంత యున్నదో కొలుచుటకు ఆయనకు ఒక గాజుపాత్ర చాలెను. అందు చల్లని ఊటనీరు పోయును. పాత్ర వెలుపల చెమర్చినచో నీటిని వేరొకదానిలోనికి ఒంపి, కొంత వేడెక్కనిచ్చి, గాజును తుడిచి, మరల పోయును. చెమర్చుట మానినప్పటి ఉష్ణోగ్రతయే తుషారస్థానము. తన పట్టికలో దాని కెదురుగా నున్న అంకెయే ఆనాటి గాలిలోని ఆవిరి పీడనము. మన బడులలో ఈ పరీక్షకు గ్లాసు, ఉష్ణమాపకము, కొంత మంచుగడ్డ ఉన్న చాలును. ఈ పీడనమునకును గరిష్ఠపీడనమునకును గల తేడాను బట్టియే నీరు ఆరు వేగముండునని కూడ ఆయన తేల్చెను. ఉక్కపోతనాడు చెమట ఆరకుండుట ఇందువలననే.

1801లో ప్రకటించిన ఈ సిద్ధాంతమును వ్యతిరేకించినవారిలో గాఫ్ కూడ నుండెను. వాతావరణముపై మక్కువ కలిగించిన గురువే పత్రికాముఖమున వాదమునకు దిగెను! డాల్టను వెనుదీయలేదు. అయితే ఒక వాయువు కణములు తమ జాతివానినే నెట్టునని ఆయన చెప్పిన కారణము నిలువలేదు, కొలతలు నిలిచినవి.

వాయువులు నీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క కొలదిగా ఏల కరగునని వెదకుచు ఆయన కణముల బరువులను గూర్చి ఆలోచింపసాగెను. 1803లో పరమాణుభారముల తొలి పట్టికను వ్రాసికొనెను. 1808 నాటి గ్రంథముతో ఆ సిద్ధాంతము లోకమున వ్యాపించెను.

కీర్తి వచ్చినను దినచర్య మానలేదు. 57 ఏండ్లలో పరిశీలనలు రెండు లక్షలకు చేరినవి. 1844 జులై 26 రాత్రి, పక్షవాతముచే దుర్బలమైన చేతితోనే ఆనాటి అంకెలు వ్రాసి, కొద్దిగా వాన పడినదని చేర్చెను. మరునాటి ఉదయము మరణించెను.