మూడు డోర్ నంబర్లు, ఒకటే ఇల్లు: సర్ జాన్ సోన్ కథ

మన ఊళ్ళలో సొంతిల్లు కట్టుకునేవాళ్ళు ప్లాన్ గీయించేటప్పుడే ఒక లెక్క వేసుకుంటారు. కింద మనం ఉందాం, పైన రెండు పోర్షన్లు అద్దెకి ఇద్దాం, రేపు పిల్లలు పెద్దయ్యాక తలా ఒకటి తీసుకుంటారు. దాదాపు ఇదే లెక్క రెండు వందల ఏళ్ళ క్రితం లండన్‌లో ఒక పెద్ద ఆర్కిటెక్ట్ కూడా వేసుకున్నాడు. ఆ ఇంటి మీద ఆయన పెట్టుకున్న నమ్మకాలు రెండు: పిల్లలు, అద్దె. అందులో ఒక్కటే నిలబడింది.

ఆయన పేరు సర్ జాన్ సోన్. 1753లో థేమ్స్ నది ఒడ్డున గోరింగ్ దగ్గర పుట్టాడు. నాన్న ఇటుకలు పేర్చే తాపీమేస్త్రి. వాళ్ళ ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చివర 'ఇ' అక్షరం ఉండేది కాదు, పెళ్ళయ్యాక తనే తగిలించుకున్నాడు. ఎక్కడి నుంచి వచ్చాడో ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు, కానీ అది పదిమందికీ కనపడటం మాత్రం ఇష్టం లేదు.

కుర్రాడిగా ఉన్నప్పుడే లండన్ వచ్చి జార్జ్ డాన్స్ అనే ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేరాడు. తర్వాత హెన్రీ హాలండ్ దగ్గర పని నేర్చుకున్నాడు. పని చేసుకుంటూనే రాయల్ అకాడమీలో చదివి 1776లో గోల్డ్ మెడల్ కొట్టాడు. దాంతో రాజుగారి ట్రావెలింగ్ స్కాలర్‌షిప్ దొరికి 1778లో ఇటలీ వెళ్ళాడు.

అప్పట్లో యూరప్ మొత్తం పాత గ్రీకు, రోమన్ కట్టడాల వైపు చూస్తోంది. ఆ కొలతలు, ఆ స్తంభాలు, ఆ గోపురాలు, ఆ సమతూకం తీసుకుని కొత్త ఇళ్ళు, కొత్త ఆఫీసులు కట్టడాన్నే నియో-క్లాసికల్ శైలి అంటారు. సోన్ రోమ్‌లో శిథిలాలన్నీ తిరిగి కొలిచాడు, గీశాడు. అక్కడే ఒక బిషప్‌గారు పెద్ద పెద్ద పనులు ఇస్తానని ఆశపెడితే, స్కాలర్‌షిప్ గడువు మిగిలి ఉండగానే 1780లో వెనక్కి వచ్చేశాడు. ఆ పనులు రాలేదు. చేతిలో డబ్బు లేదు. చిన్న చిన్న రిపేర్లు, పల్లెటూరి ఇళ్ళు చేసుకుంటూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

1784లో ఎలిజబెత్ స్మిత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. అందరూ ఆమెని ఎలైజా అనేవారు. 1788లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌కి ఆర్కిటెక్ట్ అయ్యాడు, ఆ ఉద్యోగం 45 ఏళ్ళు చేశాడు. 1790లో ఎలైజాని పెంచిన మేనమామ చనిపోతే ఆయన ఆస్తి వీళ్ళకి వచ్చింది. అప్పుడు మొదలైంది ఇంటి కథ.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు

లండన్‌లో లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అని ఒక పెద్ద చౌక్ ఉంది. మధ్యలో పార్కు, చుట్టూ గోడకి గోడ ఆనుకుని వరస ఇళ్ళు. 1792లో సోన్ అక్కడ 12వ నంబర్ ఇల్లు కొని, పడగొట్టి, కొత్తగా కట్టుకున్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు కొడుకులు జాన్, జార్జ్. ఆఫీసు కూడా అక్కడే.

కొన్నేళ్ళకి స్థలం చాల్లేదు. పక్కనున్న 13 కొన్నాడు. కానీ ఆ ఇంట్లో అప్పటికే ఒక కుటుంబం ఉంటోంది. ఖాళీ చేయించలేదు. ముందు భాగంలో వాళ్ళని అద్దెకి ఉండనిచ్చి, వెనక గుర్రాలశాల ఉన్న జాగా మాత్రం తను తీసుకుని అక్కడ డ్రాయింగ్ ఆఫీసు, తను సేకరించిన శిల్పాలు పెట్టుకునే గది కట్టాడు. మన భాషలో చెప్పాలంటే ఫ్రంటెండ్ అద్దెవాళ్ళది, బ్యాకెండ్ ఓనర్‌ది.

1812లో ఒక ఒప్పందం కుదిరింది. అద్దెవాళ్ళు 12లోకి మారారు, సోన్ 13ని కొత్తగా కట్టి తన కుటుంబాన్ని అందులోకి తెచ్చాడు. 1823లో 14 కూడా కొన్నాడు. అక్కడా అదే పద్ధతి: వెనక జాగాలో తన పెయింటింగుల గది, ముందు వైపు విడిగా ఒక ఇల్లు, అది అద్దెకి. ముందు నుంచి చూస్తే రెండు పక్కలా సాదా ఇటుక ఇళ్ళు, మధ్యలో తెల్లరాతి ముఖంతో సొంతిల్లు. వెనక నుంచి మాత్రం మూడు స్థలాలూ కలిసిపోయాయి. అద్దె ఇళ్ళకి వాళ్ళ తలుపు వాళ్ళకి, వాళ్ళ మెట్లు వాళ్ళకి ఉన్నాయి.

ఇలా కడితే ఒక ఇబ్బంది వస్తుంది. వెనక భాగం నాలుగు వైపులా మూసుకుపోతుంది, పక్కకి కిటికీ పెట్టే వీలు లేదు. ఇక వెలుతురు పైనుంచే రావాలి. సోన్ శైలి అంతా ఈ ఇబ్బందిలోంచే పండింది. పైకప్పులో స్కైలైట్లు పెట్టాడు, వాటిలో కొన్నిటికి పసుపు రంగు గాజు, ఎండ లేని లండన్‌లో కూడా లోపల ఎండ కాసినట్టు ఉండటానికి. బ్రేక్‌ఫాస్ట్ గదికి రుమాలు నాలుగు కొసలూ పట్టి కట్టినట్టుండే పల్చటి గోపురం పెట్టి, దాని అంచుల వెనక నుంచి వెలుగు గోడల మీదకి జారేలా చేశాడు. ఆ గదిలో గుండ్రటి చిన్న అద్దాలు బోలెడు. చిన్న గది, కానీ చిన్నదని అనిపించదు. పెయింటింగుల గదిలో గోడలే తలుపుల్లా తెరుచుకుంటాయి, గోడ వెనక ఇంకో వరస బొమ్మలు. అంత చిన్న గదిలో వందకి పైగా పట్టించాడు.

ఇప్పుడు నియో-క్లాసికల్ అంటే ఇంటి ముందు నాలుగు లావుపాటి పిల్లర్లు, పైన సిమెంటు డిజైన్లు అనుకుంటాం. సోన్ చేసింది దాదాపు రివర్స్. చాలాచోట్ల స్తంభం తీసేసి, స్తంభం ఉండాల్సిన చోట గోడ మీద ఒక సన్నటి గీత చెక్కించి వదిలేశాడు. కొలత సరిగ్గా ఉంటే ఆ గీత చాలని ఆయన నమ్మకం.

13 ముందు భాగం వరస కంటే కొంచెం ముందుకి వచ్చిందని అక్కడి బిల్డింగ్ సర్వేయర్ కేసు కూడా పెట్టాడు. అది తన స్థలం హద్దులోనే ఉందని సోన్ వాదించి గెలిచాడు.

కొడుకుల కోసం

ఇంత కష్టం ఎందుకు? సోన్‌కి ఒక కల ఉంది. తాపీమేస్త్రి కొడుకు ఆర్కిటెక్ట్ అయ్యాడు, ఇక తన కొడుకులు, మనవలు ఆర్కిటెక్టుల వంశం అవ్వాలి. అందుకే 1800లో ఊరి బయట ఈలింగ్‌లో పిట్స్‌హ్యాంగర్ మేనర్ అనే ఇల్లు కూడా కొని, కొత్తగా కట్టి, శిల్పాలతో నింపాడు. పిల్లలు వాటి మధ్య పెరిగితే ఆ విద్య వాళ్ళకి వంటపడుతుందని ఆశ. పిల్లలకి పట్టలేదు. 1810లో ఆ ఇల్లు అమ్మేశాడు.

పెద్దవాడు జాన్‌కి ఆరోగ్యం అంతంతమాత్రం, ఆసక్తి కూడా అంతే. చిన్నవాడు జార్జ్‌కి రాయడం ఇష్టం. నాటకాలు, నవలలు రాశాడు. ఇంట్లోవాళ్ళకి నచ్చని పెళ్ళి చేసుకున్నాడు, అప్పులు చేశాడు, ఆ అప్పుల కోసం జైలుకి కూడా వెళ్ళాడు. తండ్రి ఎంత డబ్బున్నవాడో, ఈ కొడుకు విషయంలో అంత బిగపట్టుకున్నాడు.

1815 సెప్టెంబర్‌లో ది ఛాంపియన్ అనే పత్రికలో పేరు లేకుండా వ్యాసాలు వచ్చాయి. సోన్ కట్టిన భవనాల్ని, ఆయన సొంతింటిని కూడా చీల్చి చెండాడాయి. ఆ ఇల్లు సమాధిలా ఉందన్నట్టు రాశారు. రాసింది జార్జే అని తల్లికి తెలిసిపోయింది. ఎలైజాకి అప్పటికే ఒంట్లో బాగాలేదు. ఆ నవంబర్ 22న ఆమె చనిపోయింది. ఆమెని చంపింది ఆ వ్యాసాలే అని సోన్ నమ్మాడు. వాటిని ఫ్రేమ్ కట్టించి, అవి జార్జ్ కొట్టిన చావుదెబ్బలని పేరు పెట్టి ఇంట్లో ఉంచుకున్నాడు.

1823లో పెద్ద కొడుకు జాన్ కూడా పోయాడు.

ఇక్కడ ఎవరి వైపు ఉండాలో చెప్పడం కష్టం. జార్జ్ చేసింది చిన్న తప్పు కాదు. తల్లి జబ్బుతో ఉన్నప్పుడు ముసుగు వేసుకుని తండ్రిని కొట్టాడు. కానీ ఆర్కిటెక్ట్ అవ్వనని ఆ అబ్బాయి మొదట్లోనే చెప్పాడు, చేతలతో కూడా చూపించాడు. కట్టడాల విషయంలో సోన్‌ది గట్టి తెలివి. అద్దెకున్న కుటుంబం అడ్డొస్తే ప్లాన్ మార్చాడు, వెలుతురు రాకపోతే పైకప్పు మార్చాడు. కొడుకు విషయంలో మాత్రం ప్లాన్ మార్చలేదు.

అద్దె నిలబెట్టింది

కొడుకుల మీద ఆశ పోయాక ఆయన ఇల్లంతా వస్తువులతో నింపాడు. 1824లో ఈజిప్టు రాజు మొదటి సేతి శవపేటికని బ్రిటిష్ మ్యూజియం వద్దంటే 2,000 పౌండ్లకి కొన్నాడు. అది వచ్చాక మరుసటి ఏడాది మూడు రాత్రులు దీపాలు వెలిగించి వందల మందిని పిలిచి చూపించాడు. రాయల్ అకాడమీలో ప్రొఫెసర్ కాబట్టి, తన లెక్చర్లకి ముందు, తర్వాత స్టూడెంట్లకి ఇల్లు తెరిచి ఉంచేవాడు. సొంత పిల్లలు వద్దన్న పాఠం వేరేవాళ్ళ పిల్లలు వచ్చి నేర్చుకున్నారు.

1833లో ఏకంగా పార్లమెంటులో ఒక చట్టం చేయించాడు. తన తర్వాత ఇల్లు, సేకరణ కొడుక్కి కాకుండా ప్రజలకి చెందాలి, వీలైనంతవరకు తను వదిలినట్టే ఉంచాలి. జార్జ్ అడ్డుపడ్డాడు, ఆగలేదు. మరి రోజువారీ ఖర్చులకి డబ్బు? అక్కడే పాత లెక్క పనికొచ్చింది. 12వ నంబర్ ఇంటి అద్దె మ్యూజియానికి వెళ్ళేలా ఏర్పాటు చేశాడు.

1837 జనవరిలో 13లోనే 83 ఏళ్ళకి కన్నుమూశాడు. భార్య, పెద్ద కొడుకు ఉన్న సమాధిలోనే ఆయన్నీ పెట్టారు. భార్య కోసం తనే డిజైన్ చేసిన సమాధి అది. లండన్ ఎర్ర టెలిఫోన్ బూత్ పైకప్పుకి దాని గోపురమే ప్రేరణ అంటారు.

వంశానికి ఆనుతుందనుకున్న ఇంటిని, అద్దెకున్నవాళ్ళు నెలలు, సంవత్సరాలు మోశారు. ఇప్పుడు 12లో అద్దెవాళ్ళు లేరు, అది కూడా మ్యూజియంలో కలిసిపోయింది. చేతులు మారిన 14 కూడా 1990ల్లో తిరిగి వచ్చింది. ఎమ్మెస్‌కి లండన్ వెళ్ళే మన సీనియర్లకి ఒక మాట: హోల్‌బోర్న్ స్టేషన్లో దిగితే నడిచే దూరమే, టికెట్ లేదు. బ్రేక్‌ఫాస్ట్ గదిలో ఒక నిమిషం నిలబడి పైకి చూడండి.