హైదరాబాదులో సర్మద్

మన పద్మారావునగర్ నుండి గోలకొండ చూడబోయే విద్యార్థులకు కుతుబ్‌షాహీ సుల్తానుల పేర్లు కంఠస్థమే. కాని ఆ వంశపు అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున (1626–1672) హైదరాబాదులో కొన్నాళ్లు వసించిన దిగంబర ఫకీరు సర్మద్‌ను తలచేవారు అరుదు.

క్రీ.పూ. 586లో బాబిలోను రాజు యెరూషలేము దేవాలయమును కూల్చి యూదులను చెరగొనిపోయినాడు. వారి సంతతిలో కొందరు కాలక్రమమున ఇరాన్ పట్టణములలో స్థిరపడినారు. కాషాన్ అట్టి పట్టణమే. సర్మద్ జన్మస్థలము కాషాన్ అని కొందరు, అర్మేనియా అని కొందరు అందురు. రబ్బీల, అనగా యూద ధర్మవేత్తల, కుటుంబమున పుట్టి బాల్యముననే తౌరాత్ చదివినాడు. తరువాత ఇస్లాం స్వీకరించి, ముల్లా సద్రా వంటి తత్త్వవేత్తల వద్ద చదువుకొని, వర్తకుడై సముద్రమార్గమున సింధులోని ఠట్టా చేరినాడు. అచ్చట అభయచంద్ అనే హిందూ యువకునిపై గాఢానురాగము కలిగి, వర్తకమును, కట్టుబట్టలను కూడ విడిచినాడు.

సకల మతముల వృత్తాంతమును పారసీలో కూర్చుచుండిన దబిస్తానె మజాహిబ్ గ్రంథకర్త 1647లో ఆయనను హైదరాబాదులోనే కలిసికొన్నాడు. ఆ గ్రంథములో యూదులను గూర్చిన ప్రకరణమునకు సర్మద్ మాటలే ఆధారము. సృష్టి మొదలు నూహ్ ప్రవక్త కాలము దాక తౌరాత్ భాగమును అభయచంద్ పారసీలోనికి అనువదింపగా, గ్రంథకర్త దానిని సర్మద్‌తో సరిచూచుకొన్నాడు. యూదుల వేదము ఒక హిందూ శిష్యుని కలము ద్వారా పారసీ పాఠకులకు అందినదన్నమాట! తన నగ్నత్వమునకు సైతము సర్మద్ పూర్వమతము నుండియే సాక్ష్యము చూపినాడు: యెషయా ప్రవక్త కూడ వివస్త్రుడై తిరిగినాడట. మతము మారినను చిన్ననాటి చదువు ఆయనను విడువలేదు.

ఢిల్లీలో దారా షికో ఆయనను ఆదరించినాడు. ఆయన రుబాయీలు జనుల నోళ్ల నానినవి. 1659లో దారా వధింపబడిన పిమ్మట సర్మద్‌ను కాపాడువారు లేకపోయిరి. కలిమాలోని నిరాకరణ భాగము వద్దనే ఆగి, తాను ఇంకను అంతవరకే చేరితినని సమాధానమిచ్చినాడని ప్రతీతి. ఔరంగజేబు కాలమున, 1661 ప్రాంతమున, ఆయన తల తీయించినారు. నేరము మతసంబంధమైనదని చెప్పబడినను, దారాతోడి స్నేహమే అసలు కారణమని నా అభిప్రాయము. మౌలానా ఆజాద్ యౌవనమున ఆయనపై ఉర్దూలో ఒక వ్యాసము వ్రాసినారు.

ఢిల్లీ జామా మసీదు చెంత, ఎర్రరంగు గోడల నడుమ, సర్మద్ సమాధి కలదు. అన్ని మతములవారును అక్కడ పూలు ఉంచి పోవుదురు.